ఫిన్‌కాంటియేరి పెద్దలకు: మీ గేటుకు తెలిసిన లెక్క జీతం చీటీకి ఎందుకు తెలియదు?

ఇటలీ ఓడల తయారీ కంపెనీ ఫిన్‌కాంటియేరి సీఈఓ పియెర్‌రొబెర్తో ఫోల్జియెరో గారికి, డైరెక్టర్ల బోర్డుకు, కంపెనీలో అత్యధిక వాటా ఉన్న ఇటలీ ప్రభుత్వ ఆర్థిక సంస్థ కాస్సా దెపోజితి ఎ ప్రెస్తీతి వారికి,
ట్రియెస్టే, ఇటలీ.

నమస్కారం.

మీరు కట్టిన ఓడ ఒకటి మా ఊళ్లో ఉంటుంది. పేరు ఐఎన్ఎస్ శక్తి. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఆయిలు, నీళ్లు, సరుకులు అందించే ట్యాంకరు అది. 175 మీటర్ల పొడవు, నిండా ఎక్కిస్తే 27,500 టన్నులు. 2011 అక్టోబరు 1న మా నేవీలో చేరింది. అదే ఏడాది దానికంటే ముందు వచ్చిన దీపక్ ముంబైకి వెళ్లింది, శక్తి విశాఖపట్నం తూర్పు నౌకాదళానికి వచ్చింది. సముద్ర పరిశోధనకు వాడే సాగర్ నిధి కూడా మీ చేతి పనే. విక్రాంత్ విమానవాహక నౌకలో ఇంజన్ల నుంచి ప్రొపెల్లర్ల దాకా ఏది ఎక్కడ ఎలా అమరాలో చూసే పనికి 2004లో మా వాళ్లు మీతోనే ఒప్పందం చేసుకున్నారు. కాబట్టి మేం మీకు కొత్తవాళ్లం కాము, మీరు మాకు కొత్తవాళ్లు కారు.

ఓడల మీద నాకు ఫిర్యాదు లేదు. నేను వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మంచి వెల్డింగ్ కుట్టు చూస్తే తెలుస్తుంది. 1996లో ఇటలీలోని మీ మోన్‌ఫల్కోనే యార్డు నుంచి కార్నివల్ డెస్టినీ వచ్చినప్పుడు లక్ష టన్నులు దాటిన మొదటి ప్రయాణికుల ఓడ అని మా వాళ్లు ఫొటోలు చూసి ఎలా అతికారో అని తెగ చర్చించుకున్నారు. జెనోవాలో 2018 ఆగస్టు 14న మొరాందీ వంతెన కూలి 43 మంది చనిపోతే, ఇంకో పెద్ద కంపెనీతో కలిసి రెండేళ్లు తిరక్కుండానే కొత్త వంతెన నిలబెట్టారు. 2020 ఆగస్టు 3న ప్రారంభించారు. అనుకుంటే మీరు ఏదైనా చేయగలరని చెప్పడానికే ఈ మాటలన్నీ. ఎందుకంటే నేను అడగబోయేది దానికంటే చాలా చిన్న పని.

మీ యార్డుల్లో గేటు దాటి లోపలికి వచ్చే మనుషుల్లో మీ జీతగాళ్ల కంటే కాంట్రాక్టు కంపెనీల వాళ్లే ఎక్కువ. ప్రయాణికుల ఓడలు కట్టే మోన్‌ఫల్కోనే, మార్గెరాల్లో ఇది మరీ ఎక్కువ. కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, వాడి కింద ఇంకొకడు. అట్టడుగున పనిచేసేవాళ్లలో పెద్ద సంఖ్య బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కుర్రాళ్లది. వాళ్ల జీతాల గురించి మీ దేశంలో యూనియన్లు ఏళ్ల తరబడి మాట్లాడుతున్నాయి, పోలీసులు దర్యాప్తులు చేశారు, కేసులు నడిచాయి. అక్కడి వాళ్లు దాన్ని ‘పాగా గ్లోబాలే’ అంటారు. అంటే గంటకు ఇంత అని ఒక మొత్తం నోటిమాటగా మాట్లాడుకుంటారు. సెలవు జీతం, ఏడాది చివర అదనంగా ఇచ్చే పదమూడో నెల జీతం, జబ్బు చేస్తే రావాల్సింది, పని మానేసేటప్పుడు రావాల్సింది, ఓటీ, అన్నీ అందులోనే కలిపేస్తారు. చీటీ మీద మాత్రం అన్నీ చట్టప్రకారమే విడివిడిగా కనిపిస్తాయి. చేసిన గంటలు తగ్గించి రాసి మొత్తాన్ని సరిపెడతారు. చీటీ చూస్తే తప్పు పట్టలేం.

ఈ పద్ధతి నాకు బాగా తెలుసు. గల్ఫ్‌లో ఒక రిపేరు యార్డులో ఉన్నప్పుడు మా కాంట్రాక్టరు టైమ్ షీటు రెండు రకాలుగా రాసేవాడు. ఓడ యజమానికి బిల్లు వేసే షీటులో ఒక లెక్క, మాకు జీతం ఇచ్చే షీటులో ఇంకో లెక్క. అడిగినవాడికి మర్నాడు ట్యాంకు లోపల పని పడేది. రెండు షీట్లూ ఒకే క్లర్కు రాసేవాడు, పాపం, అదీ ఒకే పెన్నుతో.

అందుకే గేటు గురించి అడుగుతున్నాను.

షిప్‌యార్డులోకి కార్డు గీకకుండా ఎవరూ రాలేరు. నేవీ ఓడలు కట్టే చోట మరీను. ఎవడు ఎన్నింటికి లోపలికి వచ్చాడో, ఎన్నింటికి బయటికి వెళ్లాడో, ఏ కంపెనీ తరఫున వచ్చాడో మీ కంప్యూటరుకు తెలుసు. మంటలు రేగితే లోపల ఎంతమంది ఉన్నారో ఫైరు వాళ్లకు చెప్పాలి కాబట్టి తెలిసి తీరాలి. ఏ ట్యాంకులోకి ఎవడు దిగాడో పర్మిట్ కాగితం చెబుతుంది. ఏ అతుకు ఏ వెల్డరు వేశాడో మా ఇన్‌స్పెక్షన్ రికార్డు చెబుతుంది, కీలకమైన కుట్ల దగ్గర వెల్డరు నంబరు వేస్తారు. అంటే ఓడకు సంబంధించినంత వరకు ఆ కుర్రాడి ప్రతి గంటా లెక్కలో ఉంది. జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ లెక్క మాకు సంబంధం లేదు, కాంట్రాక్టరును అడగండి అంటారు. గేటు దగ్గర పదకొండు గంటలు నమోదైన రోజుకు చీటీలో ఆరు గంటలు పడితే ఆ తేడా ఎవరి జేబులోకి పోయిందో కనుక్కోవడానికి పోలీసులు ఎందుకు? ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు.

మీరే స్వయంగా ఈ పని చేశారని నేను అనడం లేదు. మీరు ఇటలీ హోం శాఖతో చట్టబద్ధత ఒప్పందాలు కుదుర్చుకున్నారని, కాంట్రాక్టు కంపెనీలను జల్లెడ పడుతున్నామని చెబుతున్నారని కూడా తెలుసు. మాఫియా డబ్బు లోపలికి రాకుండా చూడటానికి అది పనికొస్తుంది. కానీ గంటల దొంగతనానికి మాఫియా అక్కర్లేదు. చిన్న ఆఫీసు, ఒక అకౌంటెంటు, భయపడే మనుషులు ఉంటే సరిపోతుంది.

చట్టం ప్రకారం చూసినా మీరు చేతులు దులుపుకోలేరు. కాంట్రాక్టరు గానీ, వాడి కింద సబ్ కాంట్రాక్టరు గానీ జీతం ఎగ్గొడితే పని అప్పగించిన అసలు కంపెనీ కూడా బాధ్యురాలే, కాంట్రాక్టు ముగిసిన రెండేళ్ల వరకు అడగవచ్చు అని మీ దేశంలో 2003 నాటి చట్టం చెబుతోంది. మా దేశంలో 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనూ అదే మాట రాసుకున్నాం. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇవ్వాలి అని. మా దగ్గర అది ఎంత గొప్పగా అమలైందో నన్ను అడక్కండి. రెండు దేశాల్లోనూ చట్టం ఒక విషయం ఊహించుకుంది: కార్మికుడి దగ్గర రుజువు ఉంటుందని. రుజువు మీ గేటు కంప్యూటరులో ఉంది. కార్మికుడి దగ్గర ఉన్నది ఆ అబద్ధపు చీటీ ఒక్కటే.

ఇంతకూ ఈ నొక్కుడు ఎక్కడ మొదలవుతుంది? 2024లో మీ ఆదాయం 800 కోట్ల యూరోలు దాటింది. నికర లాభం 2.7 కోట్ల యూరోలు. అంతకు ముందు ఏడాది నష్టం కాబట్టి ఇది మంచి వార్తే అని పండగ చేసుకున్నారు. కానీ లెక్క చూడండి: వంద యూరోల పని చేస్తే యూరోలో మూడో వంతు మిగిలింది. ప్రయాణికుల ఓడ ధర ఆర్డరు ఇచ్చిన రోజే ఖాయమైపోతుంది, ఓడ చేతికిచ్చేది ఎన్నో ఏళ్ల తర్వాత. మధ్యలో ఉక్కు ధర పెరిగినా, కరెంటు ధర పెరిగినా కొన్నవాడు వినడు. తేదీ తప్పితే జరిమానా. మొదటి ప్రయాణం టికెట్లు ముందే అమ్ముడుపోయి ఉంటాయి. ఉక్కు కోయడం, బ్లాకులు అతకడం మెషిన్లతో చాలా దూరం పోతుంది. ఓడ నీళ్లలోకి దిగాక అసలు జాతర మొదలవుతుంది. వందల కిలోమీటర్ల కేబుళ్లు, పైపులు, ఇన్సులేషన్, ఎక్కడో తయారై వచ్చిన గదులు లోపలికి నెట్టడం, తివాచీలు, వంటశాలలు, థియేటర్లు. ఒకే మెట్ల మీద పది కంపెనీల మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఆ నెలల్లో టెన్షన్ అంతా కింద ఉన్నవాడి గంటల మీద పడుతుంది. పైన ధర కదలదు, తేదీ కదలదు. కదిలేది కింద వాడి జీతం ఒక్కటే. ఈ సంగతి ఓడ కొనే అమెరికా, స్విట్జర్లాండ్ కంపెనీలకూ తెలుసు. అవి పర్యావరణం గురించి వేసే పుస్తకాలు చాలా అందంగా ఉంటాయి.

2019లో అప్పటి మీ సీఈఓ జుసెప్పె బోనో ఒక మాట అన్నారు. రాబోయే రెండు మూడేళ్లలో ఐదారు వేల మంది కావాలి, ఎక్కడ దొరుకుతారో తెలియడం లేదు, మన కుర్రాళ్లకు పని చేయాలన్న కోరిక పోయింది అని ఆయన బాధ. దాని మీద మీ దేశంలో పెద్ద గొడవే జరిగింది. ఆయన ఇప్పుడు లేరు, ఆయనతో వాదన పెట్టుకోను. కానీ వెల్డర్లు దొరకని చోటల్లా నేను చూసింది ఒక్కటే: అక్కడ వెల్డరు పనికి ఇచ్చే డబ్బు ఆ పనికి సరిపోదు. బయట నలభై డిగ్రీల ఎండ, ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే డబుల్ బాటమ్ లోపల అంతకంటే ఎక్కువ వేడి, మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లాలి, మాస్కులోంచి చెమట కారుతుంది. ఆ పనిని ఇష్టంగా నేర్చుకున్న కుర్రాళ్లు మా శ్రీకాకుళం జిల్లాలో వేలమంది ఉన్నారు. వెల్డింగ్ నేర్పే సెంటర్లు ఊరూరా వెలిశాయి. అక్కణ్ణుంచి గల్ఫ్, సింగపూర్ పోతారు. 2023 నవంబరులో భారత్, ఇటలీ వలసల మీద ఒప్పందం చేసుకున్నాయి. రేపు ఏజెంటు నోట ఇటలీ పేరు వినిపించడానికి ఎక్కువ కాలం పట్టదు. 2024 జూన్‌లో మీ లతీనా జిల్లాలో పొలం పని చేస్తున్న ఒక పంజాబీ కూలీ చెయ్యి యంత్రంలో పడి తెగిపోతే, ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంటి ముందు వదిలేసి వెళ్లారు. రెండు రోజులకు చనిపోయాడు. పొలం వేరు, షిప్‌యార్డు వేరు అంటారేమో. కాగితం మీద లేని మనిషి ఎక్కడైనా ఒకటే.

మోన్‌ఫల్కోనే సంగతి కాస్త వివరంగా మాట్లాడాలి. ఎందుకంటే ఆ ఊరు మీ యార్డు కన్న ఊరు. 1908లో కోసులిచ్ కుటుంబం అక్కడ యార్డు పెట్టింది, అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. పనివాళ్ల కోసం పాంజానో అనే పేట కట్టారు: కుటుంబాలకు ఇళ్లు, పెళ్లికాని వాళ్లకు హాస్టల్. ఆ హాస్టల్ భవనంలోనే ఇప్పుడు షిప్‌యార్డు మ్యూజియం నడుస్తోంది. మా విశాఖలో 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా యార్డు మొదలుపెట్టాడు. అది ఇప్పుడు హిందుస్థాన్ షిప్‌యార్డు. దాని కాలనీ గాంధీగ్రామ్. కంపెనీ చేతులు మారి ఇన్నేళ్లయినా ఆ పక్క బస్‌స్టాపును జనం ఇంకా సింధియా అనే పిలుస్తారు. పని ఇచ్చినవాడు ఇల్లు కూడా చూడాలన్న ఆలోచన ఆ రోజుల్లో రెండు చోట్లా ఉండేది. దాంట్లో దయ ఎంతో, పనివాణ్ణి దగ్గర పెట్టుకునే లాభం ఎంతో వేరే సంగతి.

ఇప్పుడు మోన్‌ఫల్కోనేలో దాదాపు 30 వేల మంది ఉంటారు. వాళ్లలో మూడో వంతు దాకా బయటి దేశాల్లో పుట్టినవాళ్లు, అందులో బంగ్లాదేశీలే ఎక్కువ. వాళ్లను పిలిపించిన పని మీ యార్డుది. ఉండటానికి ఇళ్లు వాళ్లే వెతుక్కోవాలి, ఒక్కో గదిలో ఎంతమంది సర్దుకుంటున్నారో చూసి ఊరివాళ్లు వాళ్లనే తిడతారు. 2016లో మేయరుగా ఎన్నికైన ఆన్నా మరియా చిసింత్ 2023 నవంబరులో అక్కడి రెండు ఇస్లామిక్ సాంస్కృతిక కేంద్రాల్లో ప్రార్థనలు ఆపించారు. ఊళ్లో క్రికెట్ ఆడటానికి చోటు లేదన్నారు, ఆడుతూ దొరికితే 100 యూరోల దాకా జరిమానా అని వార్తలొచ్చాయి. క్రికెట్‌కు జరిమానా ఏమిటని మా వాళ్లు నవ్వుకున్నారు, నాకు నవ్వు రాలేదు. 2024లో ఆవిడ యూరప్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఈ గొడవంతా జరుగుతున్నంతసేపూ మీ పేరు ఎక్కడా పెద్దగా వినిపించలేదు. ఓడలు తేదీకి బయటికి వెళ్తూనే ఉన్నాయి. మేయరు మీద కోపం మేయరుకు పోయింది, వలస కూలీ మీద కోపం కూలీకి పోయింది.

వలస ఆ ఊరికి కొత్త కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మోన్‌ఫల్కోనే యార్డు కార్మికులు సుమారు రెండు వేల మంది సోషలిజం కడదామని యుగోస్లావియా వెళ్లారు, రియెకా, పూలా యార్డుల్లో పనికి. 1948లో యుగోస్లావియా నేత టిటోకు, సోవియట్ నేత స్టాలిన్‌కు చెడ్డాక వాళ్లలో కొందరిని గోలీ ఓతోక్ ద్వీపం జైలుకు కూడా పంపారు. పరాయి దేశం యార్డులో పనివాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఆ ఊళ్లో ముసలివాళ్లు కొందరికి ఇంట్లోనే తెలిసిన కథ.

ఇక జబ్బుల విషయం. జీతం కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మోన్‌ఫల్కోనేలో ఆస్‌బెస్టాస్ చావుల గురించి మీకు నేను చెప్పాలా? ఓడల్లో పైపులకు, గోడలకు దట్టంగా వాడిన ఆ పీచు ఊపిరితిత్తుల్లో చేరి ముప్పై నలభై ఏళ్లకు క్యాన్సరై బయటపడింది. ఇంటికొచ్చిన మొగుడి ఓవరాల్స్ ఉతికిన ఆడవాళ్లు కూడా చనిపోయారు. ఇటలీ 1992లో ఆస్‌బెస్టాస్‌ను నిషేధించింది. 2013లో గొరిజియా కోర్టు ఆ యార్డు పాత అధికారులకు శిక్షలు వేసింది. ఆ కేసు అంతవరకైనా వెళ్లిందంటే కారణం ఒకటి: ఎవరు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఎక్కడ పనిచేశారో కాగితం ఉంది. వాళ్లు కంపెనీ మనుషులు. యూనియను ఉంది, పక్కింట్లో సాక్షి ఉన్నాడు.

ఇవాళ స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు అతికే బంగ్లాదేశ్ కుర్రాడికి ఏముంది? వెల్డింగ్ పొగ క్యాన్సర్ తెస్తుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వర్గంలోకి చేర్చింది, అంటే పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గంలోకే. వాడికి జబ్బు 2055లో బయటపడితే వాడు ఢాకాలో ఉంటాడో, సిల్హెట్‌లో ఉంటాడో. వాణ్ణి తెచ్చిన సబ్ కాంట్రాక్టు కంపెనీ అప్పటికి ఎప్పుడో మూతపడి ఉంటుంది, ఇప్పుడే రెండు మూడేళ్లకోసారి పేర్లు మారుతున్నాయి. ఏ ఓడ, ఏ ట్యాంకు, ఎన్ని గంటలు, గాలి తోడే ఫ్యాన్ పెట్టారా లేదా అని ఎవరు చెబుతారు? మీ గేటు రికార్డు, మీ పర్మిట్ రికార్డు చెప్పగలవు. చెరిపేయకుండా ఉంచితే.

మా ఇంటి లోటు దాచుకుని మీకు నీతులు చెప్పడం లేదు. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో కొత్త క్రేన్ పరీక్షిస్తుండగా కూలి 11 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు సంస్థల తరఫున వచ్చినవాళ్లే. అదే యార్డుకు 2023 ఆగస్టులో సుమారు 19 వేల కోట్ల రూపాయల పని వచ్చింది. శక్తి చేసే పనే చేసే ఓడలు, కానీ ఒక్కోటి 44 వేల టన్నులు, అలాంటివి ఐదు. ఇంత పని వస్తే ఇక్కడా కాంట్రాక్టు మనుషులే గేటు ముందు బారులు తీరతారు. అందుకే మీరు ఏం చేస్తారో చూడాలని ఉంది. మీరు చేసి చూపిస్తే ఇక్కడ అడగడానికి మాకు ఒక ఆధారం దొరుకుతుంది. ఇటలీ వాడు చేయగలిగింది మీరెందుకు చేయలేరు అని మా వాళ్లను అడుగుతాం. విదేశీ కంపెనీ చేసిందంటే మా అధికారులు కాస్త త్వరగా వింటారు, అదో జబ్బు.

నేను అడిగేది ఇదీ. మీ యార్డులో కార్డు గీకిన ప్రతి మనిషికి, వాడు ఏ కంపెనీ వాడైనా సరే, వాడి గేటు గంటలు నెలనెలా వాడి ఫోనుకు పంపండి. బెంగాలీలో పంపండి, రొమేనియన్‌లో పంపండి, వాడు చదవగలిగే భాషలో. అడిగితే ఇస్తాం అనకండి. యూరప్ డేటా చట్టం ప్రకారం తన వివరాలు తనకు ఇమ్మనే హక్కు 2018 నుంచి అందరికీ ఉంది, కానీ అడిగినవాడెవడో కాంట్రాక్టరుకు తెలిసిపోతుంది, మర్నాటి నుంచి వాడి కార్డు పనిచేయదు. అందరికీ ఒకేసారి వెళితే ఎవణ్ణీ వేలెత్తి చూపలేరు. కాంట్రాక్టరుకు బిల్లు పాస్ చేసే ముందు వాడు కట్టిన జీతాల గంటలూ, గేటు గంటలూ సరిపోల్చండి. తేడా ఉంటే బిల్లు ఆపండి, కానీ పనివాడి డబ్బు ఆపకండి, నేరుగా వాడి బ్యాంకులో వేసి కాంట్రాక్టరు దగ్గర కోసుకోండి. ఏ ఓడలో ఎక్కడ పనిచేశాడో ఆ రికార్డును నలభై ఏళ్లు ఉంచండి, వాడు ఊరెళ్లిపోయేటప్పుడు కాపీ ఒకటి చేతిలో పెట్టండి.

లోపల ఉన్నవాళ్లంతా అంతసేపూ పని చేయరు, క్యాంటీన్‌లో కూర్చుంటారు, గేటు గంటలు పని గంటలు కావు అని మీ మేనేజర్లు అంటారు. నిజమే. భోజనం గంట తీసేయండి, బట్టలు మార్చుకునే సమయం తీసేయండి. అయినా పదకొండు ఆరు కాదు. ఖర్చు పెరుగుతుందని కూడా అంటారు. పెరిగితే, ఇన్నాళ్లూ ఆ ఖర్చు ఎవడో భరించాడనేగా అర్థం. ఓడ ధరలో కలిపి అడగండి. మిమ్మల్ని వదిలి అంత పెద్ద ప్రయాణికుల ఓడ కట్టించుకోవడానికి యూరప్‌లో వాళ్లకు ఫ్రాన్స్, జర్మనీ, ఫిన్లాండ్ యార్డులు తప్ప వేరే దిక్కులేదు, వాటికీ ఆర్డర్లు నిండి ఉన్నాయి. మీరంతా ఒక మాట మీద ఉంటే కొనేవాడు వింటాడు. కాస్సా దెపోజితి వారికి ప్రత్యేకంగా ఒక మాట: ఇటలీ జనం పోస్టాఫీసులో దాచుకున్న డబ్బుతో నడిచే సంస్థ మీది. డివిడెండు లెక్క అడిగినట్టే ఈ లెక్క కూడా బోర్డు మీటింగులో అడగండి.

ఉత్తరం తెలుగులో రాశాను. మీ దగ్గర తర్జుమా చేసేవాళ్లకు కొదవ ఉండదు. మొదటి నెల గేటు గంటలు కార్మికుల ఫోన్లకు వెళ్లాక ఒక ప్రకటన ఇవ్వండి. ఏ యార్డులో మొదలుపెట్టారో, ఎన్ని కంపెనీల లెక్కలు సరిపోలేదో రాయండి. దాన్ని తెలుగు చేసి శ్రీకాకుళంలో వెల్డింగ్ సెంటర్లన్నింటికీ పంపే పని నాది. పంపకపోతే, ఇటలీ వీసా ఉందంటూ వచ్చిన ఏజెంటును ముందు ఏమడగాలో ఆ కుర్రాళ్లకు ఎలాగూ చెబుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్
మల్కాపురం, విశాఖపట్నం